మా బామ్మర్ది నేర్పిన తల పరీక్ష

మా అమ్మాయిని గోల్‌కీపర్‌గా ఆడమని నేనెంత మొత్తుకున్నానో ఆ దేవుడికే తెలుసు. కీపరైతే చేతులుంటాయి. బంతి మొహం మీదికొస్తే అడ్డం పెట్టుకోవచ్చు. అది వింటేనా! వాళ్ళ మావయ్యలాగా స్టాపర్ ఆడతానంది. అంటే గోలుకి ముందు నిలబడి, పైనుంచి వచ్చిన ప్రతి బంతినీ తలతో కొట్టి పంపే ఉద్యోగం. “ఆ ఉద్యోగం మీ మావయ్య తలకాయని ఏం చేసిందో చూస్తూనే ఉన్నావుగా?” అని అడిగాను. “మావయ్య రోజులు వేరు నాన్నా, ఇప్పుడు పరీక్షలు గట్టిగా చేస్తున్నారు” అంది. పరీక్షలట, పరీక్షలు! ఆ పరీక్షల భాగోతమే ఇప్పుడు చెప్పబోతున్నాను. అది చెప్పాలంటే ముందు మా బామ్మర్ది సంగతి చెప్పాలి.

కాలేజీలో వాణ్ణి అందరూ గడియ అనేవాళ్ళు. తలుపు గడియ. వాడు పడ్డాడంటే ఎవడూ లోపలికి రాలేడని ఆ పేరు. నేను వాడికంటే ఒక ఏడాది పెద్ద, గోల్‌కీపర్ని. కీపరన్నవాడు సగం జీవితం తన ముందు నిలబడ్డ స్టాపర్ వీపు చూస్తూనే గడుపుతాడు. వాడి వీపు చూసినంతగా మా ఆవిడ మొహం కూడా చూసి ఉండనని నేనంటే, “ఆ వీపు పుణ్యమాని కాదూ నేను దొరికింది మీకు” అంటుంది మా ఆవిడ. నిజమే. ఆమె వాడికి అక్క. మ్యాచ్ అయిపోగానే తమ్ముడి చిరిగిన మేజోళ్ళు చూసి తిట్టడానికి మైదానం దాకా వచ్చేది. ఆ తిట్లు వినడానికి నేను బూట్లు మెల్లగా విప్పుకునేవాణ్ణి.

గడియకి వేగం లేదు. ఎవడు పరుగెత్తినా వాణ్ణి దాటిపోయేవాడే. కానీ దాటాక బంతి దొరకాలి కదా? అది ఎక్కడ పడబోతోందో అక్కడ వీడు తాపీగా, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉండేవాడు. పైకి లేచిందంటే ఇంక చూడక్కర్లేదు. నుదుటితో టప్పున కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే నాకు ప్రాణం హాయిగా ఉండేది, ఈ గండం గడిచిందని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం చప్పట్లు కొట్టేవాణ్ణి.

వాడు ప్రొఫెషనల్ ఆటగాడైన తీరు కూడా చిత్రమే. నా ఆఖరి ఏడాదిలో ఒక పెద్ద క్లబ్బు వాళ్ళు మా మ్యాచ్ చూడటానికి వచ్చారు. మమ్మల్ని కాదు, ఎదుటి జట్టులో గోల్స్ కొట్టడంలో పెద్ద పేరున్న ఫార్వర్డ్ ఒకడుంటే వాణ్ణి తీసుకుపోదామని. పాపం ఆ ఫార్వర్డ్‌కి ఆ రోజు గడియ తగిలాడు. మధ్యాహ్నమంతా ఆ కుర్రాడు వీడి చంక కిందే ఆడాడు. ఆట ముగిశాక క్లబ్బాయన నేరుగా మా వైపు నడిచొచ్చి, “నిన్ను చూడ్డానికి రాలేదు బాబూ, కానీ నిన్ను తప్ప ఎవర్నీ చూడనివ్వలేదు నువ్వు” అన్నాడు. ఆ మాటతో వాడి బతుకు మారిపోయింది. నేను డ్రైవింగ్ స్కూల్లో చేరాను. క్లచ్ తొక్కమంటే బ్రేకు తొక్కే మహానుభావులతో ఇప్పటికీ ఆ స్కూల్లోనే పడి ఉన్నాను.

మొదటి సీజనంతా వాడికి రిజర్వు బెంచీయే. ఒక గదిలో నలుగురు ఆటగాళ్ళు, రెండు మంచాల మీద రెండు మంచాలు. పైమంచం వాడిది. కిటికీ ఊచలకి ఆరేసిన జెర్సీల వెనకనుంచి వెలుతురు వచ్చేదట. పొద్దున్నే జిమ్, తర్వాత మైదానం. మైదానంలో కోచ్ ఒక సంచీ నిండా బంతులు పెట్టుకుని కార్నర్ దగ్గర నిలబడి ఒక్కొక్కటీ గాల్లోకి లేపుతాడు. స్టాపర్ తలతో కొట్టాలి. సంచీ ఖాళీ అయితే కుర్రాళ్ళు మళ్ళీ నింపి తెస్తారు. సాయంత్రానికి తలలో గంట మోగినట్టుంటుందని ఫోన్‌లో చెప్పేవాడు. “మాత్ర వేసుకోరా” అనేవాణ్ణి. అంతకంటే ఏం తెలుసు మనకి?

రెండో సీజన్లో అసలు స్టాపర్‌కి మోకాలు పోయింది. వీణ్ణి దింపారు. దింపాక మళ్ళీ తీయలేదు. పేపర్లో వాడి ఫోటో పడితే మా ఆవిడ ఆ పేపరు పట్టుకుని వీధి వీధంతా తిరిగింది. ఫోటోలో వాడి కళ్ళు మూసుకుని ఉన్నాయి, బంతి నుదుటి మీద ఉంది.

ఇక పరీక్ష సంగతి. సీజన్ మొదలవడానికి ముందు క్లబ్బు డాక్టరు ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి కొన్ని మాటలు చెప్తాడు. దీపం, కుర్చీ, గుర్రం, అలాంటివి. కాసేపాగి తిరిగి చెప్పమంటాడు. నెలల పేర్లు వెనకనుంచి ముందుకి చెప్పమంటాడు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటాడు. ఎంత బాగా చేశాడో రాసుకుంటాడు. ఆటలో ఎవడికైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మొదటిసారికీ ఇప్పటికీ తేడా ఎక్కువుంటే వారాల తరబడి బెంచీ మీద కూర్చోబెడతారు. వారాల తరబడి కూర్చుంటే ఆ చోటు ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. అందుకని పాత ఆటగాళ్ళు ఒక కిటుకు కనిపెట్టారు. మొదటి పరీక్షలోనే మొద్దబ్బాయిలా ఉండటం! సగం మాటలు మర్చిపోయినట్టు, నెలలు తప్పినట్టు, ఒంటికాలి మీద తూలినట్టు నటించడం. అప్పుడు నిజంగా దెబ్బ తగిలినా తేడా కనపడదు. గడియకి ఈ విద్య నేర్పింది జట్టు కెప్టెన్, అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆ పెద్దాయన ఇప్పుడెలా ఉన్నాడని ఒకసారి అడిగితే గడియ మాట మార్చేశాడు.

సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు ఇదంతా వాడు మాకు నాటకం వేసి చూపించాడు. భోజనాల బల్ల పక్కన నిలబడి, “డిసెంబరు, నవంబరు, సెప్టెంబరు... అయ్యో!” అని అరచేత్తో నుదురు కొట్టుకుని, నాలుక కరుచుకుని, డాక్టరు వంక అమాయకంగా చూసే చూపు చూసేవాడు. మా అమ్మాయి అప్పటికి చిన్నది. “మళ్ళీ చెయ్యి మావయ్యా, మళ్ళీ చెయ్యి” అని పొట్ట పట్టుకుని దొర్లేది. నేనూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాను. అంత బాగా చేసేవాడు దొంగవెధవ.

అలా ఎన్నో సీజన్లు ఆడాడు. ఒకసారి ఎవడిదో మోచెయ్యి కణతకి తగిలి పడిపోయి, లేచి, “ఇది మొదటి సగమా, రెండో సగమా?” అని తన కీపర్‌నే అడిగాడట. సైడు గీత దగ్గర పరీక్ష పెట్టారు, తేడా లేదన్నారు, మళ్ళీ దింపారు. ఆ మ్యాచ్ వాడికి ఇప్పటికీ ఒక్క ముక్క గుర్తులేదు. గెలిచారని పేపర్లో చదివాడు.

చివరికి ఒకరోజు మేనేజరు గదిలోకి పిలిచి టీ ఇచ్చాడు. టీ చూడగానే వాడికి అర్థమైపోయింది. కాంట్రాక్టు పొడిగించరని. కింది లీగులో ఇంకో రెండు క్లబ్బులకి ఆడి, కోచింగ్ లైసెన్సు తెచ్చుకుని, మా ఇంటి మేడ మీద గదిలో దిగాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. మేము చదివిన కాలేజీలోనే అమ్మాయిల జట్టుకి కోచ్ కావాలంటే చేరాడు.

మంచి కోచ్. ఇది బావననే అభిమానంతో అనడం లేదు, నేను ఎవరినీ ఊరికే మెచ్చుకునే రకం కాను. “బంతిని చూడకండి, వాళ్ళ నడుం చూడండి. కాళ్ళు అబద్ధం చెప్తాయి, నడుం చెప్పదు” అని నేర్పేవాడు. ఎదుటివాళ్ళకి ఛాతీ చూపించకుండా పక్కకి తిరిగి ఎలా నిలబడాలో భుజాలు పట్టుకుని చూపించేవాడు. ఒక్కటి మాత్రం చేయించేవాడు కాదు. సంచీ బంతులు. తల ప్రాక్టీసు వారానికోసారి, అదీ మెత్తటి బంతితో. కోచ్‌కి బద్ధకమని పిల్లలు గొణుక్కునేవాళ్ళు.

మొదట్లో మాకేమీ తెలియలేదు. ఎండలోకి వెళ్తే టోపీ కళ్ళ మీదికి లాక్కునేవాడు. విజిల్ ఫ్రీజర్లో దొరికింది, నవ్వుకున్నాం. మైదానంలో పిల్లల్ని జెర్సీ నంబర్లతోనే పిలిచేవాడు, “ఏడూ, వెనక్కి! తొమ్మిదీ, నోరు తెరువు!” అని. అదేదో స్టైలనుకున్నారు అందరూ. ఒక పూట అన్నం దగ్గర మా అమ్మాయి వైపు చెయ్యి చాపి, “నాలుగూ, నీళ్ళిలా ఇవ్వమ్మా” అన్నాడు. దాని జెర్సీ నంబరు నాలుగు. నేనూ మా అమ్మాయీ పడీ పడీ నవ్వాం. మా ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్ళి సింకు దగ్గర కుళాయి తిప్పి, గిన్నెలేమీ కడక్కుండా అలాగే నిలబడింది. తెల్లారగానే తమ్ముణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. తల ఫోటోలు తీశారు. పాత దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని, తగ్గేది కాదని, ఇంకా ముదరకుండా చూసుకోవడమేనని చెప్పాడు డాక్టరు.

ఇన్ని చూసి కూడా మా అమ్మాయి ఆ చోటే కావాలంది. తప్పు పట్టడానికి లేదు, బాగా ఆడుతుంది. వాళ్ళ మావయ్యలాగే బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడుతుంది. ఒక ప్రొఫెషనల్ క్లబ్బు వాళ్ళు చూసి, నచ్చి, సీజన్ ముందు క్యాంపుకి రమ్మన్నారు. క్యాంపులో నెగ్గుకొస్తే జట్టులో చోటు. ఇల్లంతా ఎగిరి గంతేసింది, నేను తప్ప. డ్రైవింగ్ నేర్పేటప్పుడు నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, స్టూడెంటు గోడకి పోనిస్తున్నా నేను ఆపగలను. గ్యాలరీలో కూర్చున్న తండ్రి కాళ్ళ కింద ఏముంటుంది, వేరుశనగ తొక్కలు తప్ప?

క్యాంపుకి వారం ముందు కాలేజీ మ్యాచ్. కార్నర్ నుంచి బంతి వచ్చింది. మా పిల్ల లేచింది, ఎదుటి అమ్మాయీ లేచింది. బంతి దొరకలేదు, రెండు తలలు దొరికాయి. ఆ చప్పుడు నాకు గ్యాలరీలోకి వినపడింది. మా పిల్ల లేచి నిలబడి, వచ్చిన బంతిని ఎంతో నెమ్మదిగా ఎదుటి జట్టు అమ్మాయికి అందించింది. గడియ గీత దాటి మైదానంలోకి పరుగెత్తాడు. అలా వెళ్ళకూడదు, రిఫరీ కార్డు చూపించింది కూడా. వాడు దాన్ని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు.

కాలేజీ ఫిజియో పరీక్ష పెట్టింది. “సీజన్ మొదట్లో ఎంత చెప్పిందో ఇప్పుడూ అంతే చెప్పింది సార్. తేడా లేదు. ఆడొచ్చు” అని కాగితం మీద రాసిచ్చింది.

“ఆ మొదటిదే దొంగ పరీక్షమ్మా!” అని అరిచాడు గడియ. “నేను అక్కడే ఉన్నాను. డిసెంబరు, నవంబరు, సెప్టెంబరు అని నుదురు కొట్టుకుంది. అది నా నాటకం. నేనే నేర్పాను దీనికి!”

“అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?” అంది ఫిజియో.

“అడిగితే నిద్ర లేదు మావయ్యా అంది. నేనే... నేనే పొరపాటు పడ్డానేమో అనుకున్నాను.”

నేనూ వాడూ కలిసి దాన్ని మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గడియకి తల ఫోటోలు తీయించిన డాక్టరే. వాడు మొదలుపెట్టి, వరసగా, ఒక్క ముక్క తడబడకుండా అంతా చెప్పాడు. కిటుకేమిటో, పెద్దాయన ఎలా నేర్పాడో, మా భోజనాల బల్ల దగ్గర ఎలా చేసి చూపించాడో. అన్నీ విని డాక్టరు మా అమ్మాయి వైపు తిరిగాడు.

“నువ్వు అలా చేశావామ్మా?”

మా అమ్మాయి తల వంచుకుంది. కొంచెంసేపు గోరు గిల్లుకుంది. తర్వాత మెల్లగా, “లేదండీ. మావయ్యకి ఈ మధ్య అన్నీ కలిసిపోతున్నాయి. మీకు తెలుసు కదా” అంది.

డాక్టరు గడియ వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది, జాలి ఉంది. “ఇవాళ ఏ వారమండీ?” అని అడిగాడు వాణ్ణి, పిల్లల్ని అడిగినట్టు. వాడు నోరు తెరిచాడు. మూశాడు. నా వైపు చూశాడు. అసలే కంగారులో ఉన్నవాణ్ణి అలా అడిగితే నాకే తట్టదు!

నేను బల్ల గుద్దాను. “వాడు చెప్పింది నిజమండీ! మా ఇంట్లో నా కళ్ళ ముందు చేసి చూపించాడు, నేను నవ్వాను కూడా!”

“ఆయన చేసి చూపించి ఉండొచ్చు. మీ అమ్మాయి చేయడం మీరు చూశారా?” అన్నాడు డాక్టరు. చూడలేదు. ఎలా చూస్తాను? “ఎందుకైనా మంచిది, రెండు మూడు వారాలు ఆడకుండా ఉండమ్మా. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు. నువ్వు చిన్నపిల్లవి కాదు” అన్నాడు.

బయటికొచ్చాక గడియ నన్ను పక్కకి పిలిచాడు. “బావా, నిజం చెప్పు. అది అలా చేసిందా, నేనే ఊహించుకున్నానా?”

“చేసిందిరా. చేసింది” అన్నాను. వాడు తలూపాడు గానీ నమ్మినట్టు లేదు.

ఆ వారం ఇంట్లో జరిగింది యుద్ధమే. నేను అరిచాను. బతిమాలాను. గడ్డం పట్టుకున్నాను. “రెండు వారాలాగితే ఆ చోటు ఇంకొకళ్ళది నాన్నా. నాకేం కాలేదు, కొంచెం తలనొప్పి అంతే” అంటుంది. “కన్నతండ్రి లాంటి మావయ్యని పిచ్చివాణ్ణి చేశావు కదే!” అని మా ఆవిడ ఏడిస్తే అదీ ఏడ్చింది. ఏడ్చింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. మా ఆవిడ దాని బూట్లు బీరువాలో పెట్టి తాళం వేసింది. అది చెప్పులతో బస్సెక్కి వెళ్ళిపోయింది. క్యాంపులో బూట్లు వాళ్ళే ఇస్తారట.

గడియ మాత్రం ఆ వారం దానితో ఒక్కసారే మాట్లాడాడు. “మీ మావయ్యలాగా అవుతావే తల్లీ” అన్నాడు. అది వాడి చేతులు పట్టుకుని, “నీలాగా ఆడితే చాలు మావయ్యా” అంది.

క్యాంపు మూడో రోజు దాని ఫోన్ వచ్చింది. గొంతు హుషారుగా ఉంది.

“నాన్నా, మావయ్యకి చెప్పు. ఇక్కడ కొత్తగా తల పరీక్ష పెట్టారు. ఈసారి దొంగాట ఆడలేదు. ఒట్టు! కాలేజీలో చేసింది తప్పే, ఒప్పుకుంటున్నాను. అందుకే ఈసారి మనసు పెట్టి చేశాను. మాటల్లో సగమే వచ్చాయి, నెలలు రెండుసార్లు తప్పాయి. అయినా పరవాలేదట. ఇదే నీ మామూలు లెక్క అని రాసుకున్నారు.”

ఒప్పుకుంది కదా అని నా గుండె బరువు సగం దిగిపోయింది. పరుగెత్తుకుంటూ మేడెక్కి గడియకి చెప్పాను. వాడు మంచం మీద కూర్చుని విన్నాడు. వింటూ వింటూ వాడి మొహం పాలిపోయింది.

“మనసు పెట్టి చేసినా సగమే వచ్చాయా బావా?” అన్నాడు. “అది దెబ్బ తిన్న తల. ఆ తలనే మంచి తలని రాసుకున్నారు. ఇంక దానికి ఎన్ని దెబ్బలు తగిలినా తేడా కనపడదు. ఎవరూ బయటికి తియ్యరు.”

వెంటనే క్లబ్బుకి ఫోన్ చేసి డాక్టర్ని పిలిపించాను. కాలేజీలో దొంగాట ఆడానని అదే ఒప్పుకుందని నేను అరిచిన అరుపులకి పక్కింటి వాళ్ళు కిటికీలు తెరిచారు. అటువైపు లేడీ డాక్టరు, చాలా మర్యాదస్తురాలు. “తండ్రిగా మీ కంగారు అర్థమవుతుంది సార్. మీ కాలేజీ ఫిజియో ఆడొచ్చని రాసిచ్చిన కాగితం కూడా తెచ్చింది మీ అమ్మాయి” అంది. ఇక లాభం లేదని గడియ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. స్పీకర్ పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు, ఒక్కటీ జారిపోకుండా పట్టుకుంటున్నట్టు. మొదటి పరీక్ష, కార్నర్, ఎదుటి అమ్మాయికి ఇచ్చిన బంతి, ఫిజియో కాగితం ఎందుకు చెల్లదో, ఇప్పటి లెక్క ఎందుకు తప్పో, మూడు వారాలాగి మళ్ళీ పరీక్షిస్తే ఎలా తెలిసిపోతుందో, అన్నీ చెప్పాడు. నేను మైదానంలో వాడి వీపు చూసిన రోజుల్లో కూడా వాడు అంత గట్టిగా నిలబడటం చూడలేదు.

“మీరు వాళ్ళ మావయ్యగారు కదండీ?” అంది డాక్టరమ్మ, ఎంతో మెత్తగా. “మీ ఆరోగ్యం సంగతి అమ్మాయి మాకు మొదటి రోజే చెప్పింది సార్. మీరంటే తనకి ప్రాణం. మీరేమీ మనసులో పెట్టుకోకండి, విశ్రాంతి తీసుకోండి.”

“సరేనమ్మా. థాంక్స్” అని గడియ ఫోన్ పెట్టేశాడు. నా వైపు తిరిగాడు.

“అన్నీ సరిగ్గానే చెప్పానా బావా? ఏమైనా వదిలేశానా?”

“ఏదీ వదల్లేదురా” అన్నాను. “అన్నీ చెప్పావు.”